కోఠిలో తుర్రేబాజ్ ఖాన్ రోడ్డు: తుర్రం ఖాన్ నిజంగా ఉన్నాడా, దొంగా, వీరుడా?

మీ ప్రశ్నను కుదించి చెప్తే ఇదీ. మీ అబ్బాయికి పుస్తకాలు కొనడానికి కోఠి వెళ్లారు. ఒక షాపు బోర్డు మీద అడ్రస్‌లో "తుర్రేబాజ్ ఖాన్ రోడ్" అని కనిపించింది. "అమ్మా, తుర్రం ఖాన్ అంటే ఈయనేనా?" అని బాబు అడిగాడు. ఇంటికొచ్చి అడిగితే మీ అత్తగారు "పెద్ద గజదొంగ" అన్నారు, నెట్‌లో చూస్తే స్వాతంత్ర్య సమరయోధుడని ఉంది. ఏది నిజం, ఆయన పేరు మీద హైదరాబాద్‌లో ఇంకేమున్నాయి, బాబుకు చూపించాలంటే ఎక్కడికి వెళ్లాలి?

ముందు సూటిగా జవాబు చెప్తాను. ఆయన నిజంగా బతికిన మనిషే. బేగంబజార్‌లో ఉండేవాడు. 1857 జూలై 17న కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి (రెసిడెంట్) బంగ్లా మీద దాడి చేసినవాళ్లకు నాయకుడు. పట్టుబడి, జైలు నుంచి తప్పించుకున్నాక ప్రభుత్వం ఆయన తలకు 5,000 రూపాయలు వెల కట్టింది. అంటే చట్టం లెక్కలో పరారీలో ఉన్న నేరస్థుడు, జనం లెక్కలో వీరుడు. ఇంట్లో విన్నదీ నెట్‌లో చదివిందీ రెండూ ఒకే మనిషి గురించే. ఆయన పేరు మోస్తున్నది ఆ రోడ్డు. ఆయన కథ జరిగిన చోట్లు మాత్రం ఇంకా ఉన్నాయి, చాలావరకు కోఠి నుంచి నడిచి వెళ్లే దూరంలోనే.

నేను కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. చాలా ఏళ్లుగా ఆదివారం ఉదయాలు పిల్లల్నీ పెద్దల్నీ కోఠి, సుల్తాన్ బజార్, పుత్లీబౌలి గల్లీల్లో నడిపిస్తూ ఈ కథే చెప్తున్నాను. అందుకే కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

అసలు ఏం జరిగింది

1857 మే నెలలో మీరట్‌లో సిపాయిలు తిరగబడ్డారు. అదే నెలలో హైదరాబాద్‌లో నాలుగో నిజాం నాసిరుద్దౌలా చనిపోయి, కొడుకు అఫ్జలుద్దౌలా గద్దెనెక్కాడు. దివాన్, అంటే ప్రధానమంత్రి, మొదటి సాలార్ జంగ్, అప్పటికి వయసు 28 ఏళ్లు. రెసిడెంట్ కట్‌బర్ట్ డేవిడ్‌సన్. హైదరాబాద్ కూడా తిరగబడితే దక్షిణాదంతా చేజారిపోతుందని బ్రిటిష్ వాళ్లకు పెద్ద టెన్షన్.

ఆ సమయంలో ఇప్పటి మహారాష్ట్రలోని బుల్దానాలో ఉన్న హైదరాబాద్ కంటింజెంట్ (నిజాం ఖర్చుతో, బ్రిటిష్ అధికారుల కింద నడిచే సైన్యం) దళం నుంచి చీదా ఖాన్ అనే జమేదార్, మరికొందరు సిపాయిలు బయటికొచ్చేశారు. ఢిల్లీ వైపు వెళ్లి తోటి సిపాయిల మీద తుపాకీ ఎత్తడం వాళ్లకు ఇష్టం లేదు. నిజాం తమకు అండగా ఉంటాడని నమ్మి హైదరాబాద్ వచ్చారు. సాలార్ జంగ్ వాళ్లను పట్టుకుని రెసిడెన్సీకి అప్పగించాడు. ఊరు రగిలింది అందుకే. మనల్ని నమ్మి వచ్చినవాళ్లను పరాయివాళ్ల చేతిలో పెట్టారన్న కోపం అది.

జూలై 17 శుక్రవారం. మక్కా మసీదులో నమాజు అయ్యాక జనం గుమిగూడారు. మౌల్వీ అల్లావుద్దీన్, తుర్రేబాజ్ ఖాన్ ముందు నడిచారు. సుమారు 500 మంది రోహిల్లాలు, అంటే ఉత్తరాది నుంచి వచ్చిన పఠాన్లు, వాళ్ల వెంట మామూలు జనం. ఖైదీలను విడిపించడానికి మూసీ దాటి రెసిడెన్సీ వైపు వచ్చారు. పుత్లీబౌలి వైపు రెసిడెన్సీ గోడకు ఎదురుగా అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్ అనే ఇద్దరు సాహుకార్ల ఇళ్లు ఉండేవి. ఆ ఇళ్లు ఎక్కి అక్కడి నుంచి కాల్పులు జరిపారు. కానీ సాలార్ జంగ్ ముందే కబురు పంపడంతో రెసిడెన్సీ సిద్ధంగా ఉంది. లోపల మద్రాసు ఫిరంగి దళం ఉంది. ఫిరంగుల ముందు తుపాకులు, కత్తులు ఎంతసేపు నిలుస్తాయి? రాత్రంతా కాల్పులు సాగాయి. తెల్లవారేసరికి దాడికి వచ్చినవాళ్లు వెనక్కి తగ్గారు.

కొన్ని రోజులకే తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడ్డాడు. విచారణలో మౌల్వీ ఎక్కడున్నాడో చెప్పమని ఎంత అడిగినా చెప్పలేదు. అండమాన్‌కు యావజ్జీవ శిక్ష వేశారు. పంపేలోపే, 1859 జనవరి 18న, జైలు నుంచి తప్పించుకున్నాడు. 5,000 రూపాయల బహుమానం ప్రకటించింది అప్పుడే. ఆరు రోజులకు, జనవరి 24న, తూప్రాన్ దగ్గర కుర్బాన్ అలీ బేగ్ అనే తాలూక్‌దార్ మనుషుల చేతిలో చనిపోయాడు. శవాన్ని హైదరాబాద్ తెచ్చి, రెసిడెన్సీ దగ్గర అందరూ చూసేలా వేలాడదీశారు.

దొంగ అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది

మీ అత్తగారి మాటను కొట్టిపారేయొద్దు. ఆ రోజుల్లో రోహిల్లా అంటే పల్లెల్లో భయం ఉండేది. వాళ్లలో జీతాలు ఆగిపోయిన సిపాయిలున్నారు, అప్పులిచ్చి కత్తి చూపించి వసూలు చేసేవాళ్లున్నారు, దారి దోపిడీలకు దిగినవాళ్లూ ఉన్నారు. పెద్దవాళ్ల జ్ఞాపకంలో ఆ భయం ఒకరి నుంచి ఒకరికి వచ్చింది. పైగా ఐదు వేల బహుమానం అని ఊరూరా చాటింపు వేయించిన మనిషిని దొంగ అని కాక ఇంకేమని చెప్పుకుంటారు?

నా అభిప్రాయం మాత్రం స్పష్టంగా చెప్తాను. దొంగ అన్న మాట ఆయనకు అతకదు. ఆ రాత్రి ఆయన వెళ్లింది ఖజానా కోసం కాదు, ఖైదీల కోసం. దొరికాక మౌల్వీని అప్పగిస్తే ప్రాణం దక్కే దారి ఉండొచ్చు, ఆ దారి పట్టలేదు. నా పాఠాల్లో నేను ఎక్కువసేపు ఆగేది దాడి దగ్గర కాదు, ఈ మౌనం దగ్గర. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె అడిగింది: "సార్, మౌల్వీ కూడా దొరికిపోయాడు కదా, మరి ఈయన చెప్పకపోవడం వల్ల లాభం ఏంటి?" నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. పక్కనున్న అబ్బాయి అన్నాడు, "ఈయన వల్ల మాత్రం దొరకలేదు కదా" అని. అంతకంటే మంచి జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు.

పేర్ల సంగతి

అసలు కోఠి అంటే ఏంటి? పెద్ద బంగ్లా. ఆ బంగ్లా రెసిడెన్సీయే. పక్కనున్న బజార్లను కూడా రెసిడెన్సీ బజార్లనే అనేవారు, 1933లో నిజాంకు తిరిగి ఇచ్చాక సుల్తాన్ బజార్ అయింది. అంటే దాడికి గురైన భవనం పేరు ప్రాంతం మొత్తానికి వచ్చింది. దాడి చేసిన మనిషికి దక్కింది ఒక్క రోడ్డు. అది కూడా బ్రిటిష్ వాళ్లు ఉన్నంతకాలం సాధ్యమయ్యే పని కాదు. తమ ఇంటి మీద తుపాకీ పేల్చినవాడి పేరు తమ వాకిట్లో పెట్టనిస్తారా? కాబట్టి ఆ పేరు వాళ్లు వెళ్లిపోయాక పెట్టిందే.

ఇంకో విషయం కూడా గమనించండి. ఆటో ఎక్కి "తుర్రేబాజ్ ఖాన్ రోడ్డుకు పోనియ్" అంటే చాలామంది డ్రైవర్లు మొహం చూస్తారు. కోఠి బస్టాప్ అనాలి, బ్యాంక్ స్ట్రీట్ అనాలి, ట్రూప్ బజార్ అనాలి. నేను ఆ రోడ్డు మీదున్న దుకాణదారులను ఎన్నోసార్లు అడిగాను. బిల్లు పుస్తకం మీద ఆ పేరు అచ్చువేసుకున్నవాళ్లే "ఎవరో నవాబు అయ్యుంటాడు" అన్నారు. ఆ మాటే ఇంకోలా అడిగి చూడండి: "తుర్రం ఖాన్ అంటే ఎవరు?" పదేళ్ల పిల్లాడు కూడా చెప్తాడు. "ఏంరా, పెద్ద తుర్రం ఖాన్ అనుకుంటున్నవా?" అని తిట్టని ఇల్లు హైదరాబాద్‌లో ఉండదేమో. బోర్డు మీద పేరుంది కానీ మనిషి లేడు, నోటి మాటలో మనిషి ఉన్నాడు కానీ పూర్తి పేరు లేదు. ఈ రెండింటినీ పిల్లల మనసులో కలపడమే నేను చేసే పని.

ఇక్కడ ఒక జాగ్రత్త. తుర్రం ఖాన్ అన్న నుడికారం మన దగ్గరే కాదు, హిందీ మాట్లాడే ఊళ్లన్నిటిలో ఉంది. అక్కడివాళ్లకు కోఠి సంగతి తెలియదు. తుర్రా అంటే తలపాగా మీద పెట్టుకునే కుచ్చు. మన తెలుగులో తురాయి అన్న మాట కూడా దాని నుంచి వచ్చిందే. తుర్రేబాజ్ అంటే తురాయి పెట్టుకుని దర్జాగా తిరిగేవాడు. అందుకే "ఆ మాట పుట్టింది ఈయన వల్లే" అని నేను బల్లగుద్ది చెప్పను. హైదరాబాద్‌లో మాత్రం ఆ మాట వెనక జనం చూసుకునేది ఈయన్నే. బాబుకు అలాగే చెప్పండి.

నెట్‌లో దొరికే పొరపాట్లు

బాబు స్కూల్ ప్రాజెక్టుకు వాడతాడేమో కాబట్టి మూడు విషయాలు సరిచేస్తాను.

ఒకటి, నాసిరుద్దౌలా మీద తిరగబడ్డాడని కొన్నిచోట్ల రాశారు. దాడి నాటికి ఆ నిజాం చనిపోయి రెండు నెలలు. గద్దె మీదున్నది అఫ్జలుద్దౌలా. అసలు దాడి జరిగింది కూడా నిజాం మీద కాదు, రెసిడెన్సీ మీద.

రెండు, మౌల్వీ అల్లావుద్దీన్‌ను అండమాన్ సెల్యులార్ జైల్లో పెట్టారని చెప్తుంటారు. ఆయన్ని అండమాన్ పంపింది 1859లో. సెల్యులార్ జైలు కట్టడం మొదలైందే 1896లో. ఆయన ఖైదీగా ఉన్నది అంతకుముందు 1858లో మొదలుపెట్టిన శిక్షా స్థావరంలో. చనిపోయింది కూడా ఆ దీవుల్లోనే.

మూడు, ఆ రోజు జనం నయాపుల్ మీదుగా వచ్చారని చెప్పేవాళ్లున్నారు. నయాపుల్‌కు అఫ్జల్‌గంజ్ వంతెన అన్న పేరూ ఉంది కదా, అది అఫ్జలుద్దౌలా కాలంలో తర్వాత కట్టింది. 1857 జూలైలో అక్కడ వంతెన లేదు. అప్పటికి మూసీ మీద ఉన్నవి పురానాపుల్, చాదర్‌ఘాట్ వంతెన.

ఇవి చెప్తున్నప్పుడు నేను చేసిన తప్పు కూడా ఒప్పుకోవాలి. మొదట్లో పుత్లీబౌలిలో ఒక పాత రెండంతస్తుల ఇంటిని చూపించి "ఇదే జైగోపాల్ దాస్ ఇల్లు" అని చెప్పేవాణ్ని. నాకు అలా చెప్పింది ఆ గల్లీలో పుట్టి పెరిగిన పెద్దాయన. రెండేళ్లు చెప్పాక, ఒకసారి ఆ ఇంటివాళ్లే పిలిచి దస్తావేజు చూపించారు. ఇల్లు కట్టింది 1857కు చాలా తర్వాత. అప్పటికే వందల మంది ఆ ఇంటి ముందు ఫోటోలు దిగి వెళ్లారు. నాకు నిజంగా బాధేసింది. ఆ రోజు నుంచి "ఇదే" అనను, "ఈ వైపు" అంటాను.

దొంగ అనిపించుకున్నవాళ్ల పేరు కొండలకూ కోటలకూ ఎందుకు అంటుకుంటుంది

మీరు అడగకపోయినా, తుర్రేబాజ్ ఖాన్ పక్కన సర్వాయి పాపన్నను పెట్టి చూస్తే పేర్ల సంగతి బాగా అర్థమవుతుంది. పాపన్న కల్లుగీత కుటుంబంలో పుట్టి, మొఘల్ పాలన మీద తిరగబడ్డవాడు. 1708 ఏప్రిల్‌లో వరంగల్ మీద, 1709లో భువనగిరి మీద పడ్డాడు. మొఘల్ రాతల్లో ఆయన దోపిడీదారు, దుర్మార్గుడు. కల్లు పాకల దగ్గర, శారద కథలు చెప్పేవాళ్ల నోట ఆయన రాజు.

1709 జనవరిలో బహదూర్ షా చక్రవర్తి హైదరాబాద్ వచ్చినప్పుడు పాపన్న కానుకలు తీసుకుని వెళ్లి దర్బారులో గౌరవం అందుకున్నాడు కూడా. ఆ మరుసటి ఏడాదే పట్టుకుని చంపారు. తల ఢిల్లీకి పంపి, మొండేన్ని హైదరాబాద్ దర్వాజాకు వేలాడదీశారు. ఒకటిన్నర శతాబ్దం తర్వాత తుర్రేబాజ్ ఖాన్ శవానికీ అదే గతి పట్టింది. పాలకులు మారారు కానీ పద్ధతి మారలేదు.

తేడా ఎక్కడుందంటే, పాపన్న రాళ్లు పేర్చి కోటలు కట్టుకున్నాడు. జనగామ దాటాక రఘునాథపల్లి దగ్గర ఖిలాషాపూర్ ఉంది. ఖిలా, షాపూర్ అని విడదీసి చదవండి, కోట ఉన్న షాపూర్ అని ఊరి పేరే చెప్తుంది. తాటికొండ గుట్ట మీద ఇంకో కోట. కరీంనగర్ వైపు సర్వాయిపేట అని ఏకంగా ఊరే ఉంది. కథ చెప్పడానికి ఊరివాళ్లకు కంటి ఎదురుగా బురుజు ఉంది, ఎక్కడానికి గుట్ట ఉంది. ఖిలాషాపూర్‌లో మేకలు కాసే ఒకాయన నాతో, "పాపన్న దొర ఆడ నిలబడి చూసేటోడు" అని వేలు పెట్టి చూపించాడు. నిన్న మొన్న చూసినట్టు చెప్పాడు. ఏ రికార్డూ ఆ మాట చెప్పదు, ఆయన చెప్పేదాకా ఆ బురుజు నాకు ఒట్టి రాయిగానే కనిపించింది.

పాపన్న గోల్కొండను కొన్నాళ్లు ఏలాడని కూడా పాటలో ఉంది. రాతపూర్వక ఆధారాల్లో అది లేదు. పేరు ఉన్నంత మాత్రాన ఆ మనిషి అక్కడ అడుగుపెట్టాడని కాదు, అక్కడి జనం అతన్ని తమవాడు అనుకున్నారని మాత్రం తెలుస్తుంది. గుట్ట, బావి, బండ, చెట్టు, ఏ పేరు విన్నా నేను ముందు అడిగేది ఒకటే: ఈ పేరు పెట్టింది ఎవరు, సర్కారా, ఊరా? సర్కారు పెట్టిన పేరు కాగితం మీద నిలుస్తుంది. ఊరు పెట్టిన పేరుకు వెనక ఒక కథ ఉంటుంది, అడిగితే ఎవరో ఒకరు చెప్తారు. కోఠి రోడ్డు పేరు మొదటి రకం. అందుకే ఆ దుకాణదారుడికి ఆయన ఎవరో నవాబు.

తుర్రేబాజ్ ఖాన్ కోట కట్టలేదు. ఆయనకున్నది ఒక రాత్రి, ఒక గోడ, చివర్లో ఆరు రోజుల పరుగు. తూప్రాన్ కూడా వెళ్లాను ఒకసారి, నాగ్‌పూర్ హైవే మీద. టీ కొట్టు దగ్గర, మసీదు దగ్గర, చెరువు కట్ట మీద కూర్చున్న ముసలివాళ్ల దగ్గర అడిగాను. నాకు ఎదురైనవాళ్లెవరూ ఆ పేరు వినలేదు. "తుర్రం ఖానా? గట్ల తిడతరు గదా" అన్నారు. ఆయన ప్రాణం పోయిన ఊళ్లో ఆ మాట విని నాకు చాలాసేపు మాట రాలేదు.

బాబును ఎక్కడికి తీసుకెళ్లాలి

ఆదివారం పొద్దున్నే, ఏడు లోపు మొదలుపెట్టండి. తొమ్మిది దాటితే సుల్తాన్ బజార్ వైపు నడవడం కష్టం. ముందు మక్కా మసీదు చూపించండి, చార్మినార్ పక్కనే కదా, బయటి నుంచి చూసినా చాలు. జనం బయల్దేరింది అక్కడి నుంచే. మూసీ దాటేటప్పుడు నయాపుల్ మీద ఒక నిమిషం ఆగి, అప్పట్లో ఈ వంతెన లేదని చెప్పండి. తర్వాత కోఠి. బస్టాప్ దగ్గర 1857 తిరుగుబాటు గుర్తుగా కట్టిన స్మారకం ఉంది. దాని పక్క నుంచి రోజూ వేల మంది పోతుంటారు, ఆగి చూసేవాళ్లు తక్కువ. బాబు చేత దాని మీది అక్షరాలు చదివించండి.

రెసిడెన్సీ భవనం ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. 1949లో అక్కడికి ఉస్మానియా మహిళా కళాశాల వచ్చింది, 2022లో విశ్వవిద్యాలయం అయింది, తర్వాత చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. దొరకు ఎదురు నిలిచి తన భూమిని, పంటను కాపాడుకున్న పాలకుర్తి ఐలమ్మ. ఒకప్పుడు రెసిడెంట్ దర్బారు తీరిన చోటికి ఆమె పేరు రావడం నాకు చాలా సంతోషం. ఆడపిల్లలు చదువుకునే చోటు కాబట్టి నేరుగా లోపలికి పోనివ్వరు. గేటు దగ్గర ముందుగా అనుమతి అడగండి, గుర్తింపు కార్డు పెట్టుకోండి. దొరక్కపోతే చింత వద్దు. ఈ కథకు ముఖ్యం లోపలి స్తంభాలు కాదు, బయటి గోడ. పుత్లీబౌలి వైపు నడిచి ఆ గోడకు ఎదురుగా నిలబడండి. ఇక్కడి నుంచి అక్కడికి కాల్పులు జరిగాయి అంటే దూరం ఎంత తక్కువో బాబుకు కళ్లారా తెలుస్తుంది. చివర్లో తుర్రేబాజ్ ఖాన్ రోడ్డు మీదున్న ఏదైనా షాపు బోర్డు ముందు నిలబెట్టి ఫోటో తీయండి.

ఇంకో మాట. శవాన్ని వేలాడదీసిన సంగతి చిన్న పిల్లలకు నేను చెప్పను, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు చెప్తాను. చెప్పగానే ప్రతిసారీ ఎవరో ఒకరు "ఏ చెట్టుకు సార్?" అని అడుగుతారు. చుట్టూ పెద్ద చెట్లు ఉంటాయి, ఏదో ఒకటి చూపిస్తే వాళ్ల కళ్లు పెద్దవవుతాయని నాకు తెలుసు. ఏదీ చూపించను. ఈ వైపే ఎక్కడో అని మాత్రం చెప్తాను. మీ బాబు అడిగినా అంతే చెప్పండి.